ముంజేయి విరిగితే: ఎముక అతకడం ఒక్కటే చాలదు, అరచేయి తిరగాలి

అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకునే చేతిని గమనిస్తే, కంచంలో ఉన్నంతసేపు అరచేయి కిందికి చూస్తుంది. ముద్ద నోటి దాకా వచ్చేసరికి అదే అరచేయి మొహం వైపు తిరిగి ఉంటుంది. మోచేయి వంగడం కంటికి కనిపిస్తుంది గానీ ఈ తిరగడాన్ని ఎవరూ పట్టించుకోరు. తాళం తీయడం, చెంబుతో నీళ్లు వంచుకోవడం, తీర్థానికి దోసిలి పట్టడం అన్నీ ఆ తిప్పుడు మీద ఆధారపడ్డ పనులే. ఆ పని చేసేది ముంజేయి. అందుకే ముంజేయి ఎముకలు విరిగినప్పుడు "అతికిందా లేదా" అన్నది సగం ప్రశ్నే. వంకరగా అతికిన ముంజేయి బరువు మోయగలదు, చొక్కా చేతుల కింద వంకర కనిపించకపోవచ్చు కూడా, కానీ దోసిలి పట్టలేదు.

బొటనవేలి వైపున్న ఎముక రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. అల్నా గుంజలా నిలబడి ఉంటే, రేడియస్ దాని చుట్టూ తిరుగుతుంది. అలా తిరగడానికి వీలుగా రేడియస్ విల్లులా బయటికి వంగి ఉంటుంది. పెద్దవాళ్లలో ఆ వంపు సుమారు 15 మిల్లీమీటర్లు. రెండు ఎముకల మధ్య పొడవునా ఒక గట్టి పొర, మోచేయి దగ్గర ఒక కీలు, మణికట్టు దగ్గర ఇంకో కీలు ఉంటాయి. అన్నీ కలిసి ఒక వలయం. చేతి గాజు ఒక్కచోటే పగలడం ఎంత అరుదో, ఈ వలయం ఒక్కచోటే దెబ్బతినడం కూడా అంతే అరుదు. ఒక ఎముక విరిగిందంటే రెండోది విరిగిందా, లేక కీలు జారిందా అని వెతకడం పరీక్షలో మొదటి పాఠం.

ఆరోగ్యంగా ఉన్న చేయి, బొటనవేలు పైకి పెట్టిన స్థితి నుంచి అటూ ఇటూ 75 నుంచి 80 డిగ్రీల దాకా తిరుగుతుంది. రోజువారీ పనులు రెండు వైపులా 50 డిగ్రీలతో గడిచిపోతాయి. ఎముక 10 డిగ్రీలు వంగి అతికితే తేడా పెద్దగా తెలియదు. 20 డిగ్రీలు వంగితే మాత్రం తిప్పుడులో చెప్పుకోదగ్గ భాగం పోతుంది. ఎవరికి కట్టు చాలు, ఎవరికి ఆపరేషన్ కావాలి అన్న లెక్కంతా ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ దెబ్బలకు దారులు తెలిసినవే. వేసవి సెలవుల్లో పిల్లలు చింతచెట్టు, జామచెట్టు ఎక్కి జారిపడతారు. రొయ్యల గుంట గట్టు మీద కాలు జారుతుంది. పొగాకు బ్యారన్‌లో కర్రల మీద నిలబడి మండెలు అందించే మనిషి పట్టు తప్పుతాడు. జాతీయ రహదారి మీద బైకు పడుతుంది. స్నానాల గది తడి బండల మీద పెద్దావిడ జారుతుంది. పడేవాళ్లు ఎవరైనా అరచేయి నేలకు ఆనిస్తారు, బరువంతా ముంజేతిలోకి దిగుతుంది. చీమకుర్తి గ్రానైట్ పనుల్లోనూ, బెల్టులు, రోలర్లు తిరిగే యంత్రాల దగ్గరా తగిలే దెబ్బలు వేరే రకం. అక్కడ చర్మం పైకి బాగానే కనిపించినా లోపల కండ నలిగిపోయి ఉంటుంది. ఆ ప్రమాదం గురించి కింద విడిగా చెప్పాలి.

మొదటి గంట

దెబ్బ తగలగానే చేయాల్సిన పని గాజులు, ఉంగరం, కడియం, మణికట్టు తాళ్లు తీసేయడం. చాలా ఇళ్లలో మరిచిపోయేదీ ఇదే. వాపు చూస్తుండగానే వేళ్ల దాకా దిగుతుంది. మట్టి గాజులు జాగ్రత్తగా పగలగొట్టవచ్చు గానీ బంగారు గాజునో స్టీలు కడియాన్నో ఆలస్యమైతే కోయాల్సి వస్తుంది. ఉంగరం బిగిస్తే సబ్బు నీళ్లు రాసి, తిప్పుతూ లాగాలి.

తర్వాత చేయిని ఉన్న వంకరతోనే కదలకుండా ఆపాలి. లాగి సరిచేయబోతే వాడి ఎముక కొస నరాన్నో రక్తనాళాన్నో చీల్చవచ్చు. మందంగా మడిచిన న్యూస్‌పేపరు గానీ పరీక్ష అట్ట గానీ మోచేయి దాటి మొదలై అరచేతి దాకా ఆనేట్టు పెట్టి, తువ్వాలుతో వదులుగా చుట్టి, చున్నీతో మెడకు వేలాడదీస్తే చాలు. చర్మం మీద చిన్న గాటు, దాంట్లోంచి సన్నగా రక్తం కారుతున్నా సరే, అది ఎముక లోపలి నుంచి పొడుచుకొచ్చిన గాయం అనుకునే తీరాలి. దాని మీద పసుపు, కాఫీపొడి, ఆకుపసరు వేయకూడదు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి బయల్దేరాలి. ఇలాంటి ఓపెన్ ఫ్రాక్చర్‌కు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, గంటలోపు పడాలన్నది లక్ష్యం. ధనుర్వాతం (టెటనస్) టీకా కూడా వేయించాలి.

భయపడిన పిల్లాడికి పాలు, బిస్కెట్లు పెట్టి ఓదార్చాలని పెద్దవాళ్లకు అనిపిస్తుంది. కానీ ఎముక సరిచేయడానికి మత్తు ఇవ్వాలంటే తిండి తిని 6 గంటలు గడవాలి. దారిలో పెట్టిన రెండు బిస్కెట్లు పిల్లాడి నొప్పిని సాయంత్రం దాకా పొడిగిస్తాయి.

పరీక్ష, ఎక్స్‌రే

ఏడుస్తున్న పిల్లాడి చేతి నరాలు పరీక్షించడానికి మంచి మార్గం వాడికి తెలిసిన స్టోన్-పేపర్-సిజర్స్ ఆటే. పిడికిలి బిగిస్తే మీడియన్ నరం, వేళ్లు చాచి మణికట్టు పైకెత్తితే రేడియల్ నరం, కత్తెరలా వేళ్లు విడదీస్తే అల్నర్ నరం పనిచేస్తున్నట్టు. చివరగా బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రటి సున్నా చేయించాలి. ఆ సున్నా రాకుండా వేళ్లు చదునుగా అతుక్కుంటే మీడియన్ నరం లోపలి కొమ్మ దెబ్బతిన్నట్టు. గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. ఇదంతా ఎముక సరిచేయకముందు ఒకసారి, కట్టు వేశాక ఒకసారి చూసి కాగితం మీద రాయాలి. ముందు రాయకపోతే, నరం దెబ్బ పడినప్పుడు వచ్చిందో, లాగినప్పుడు వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఎక్స్‌రే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయాలి. రెండింటిలోనూ పైన మోచేయి, కింద మణికట్టు పడాలి. నొప్పి ఉన్న చోటే చిన్న ఫిల్మ్ తీసి సరిపెట్టుకోవడం వల్ల జరిగే నష్టం ఈ విషయం మొత్తంలో అతి పెద్దది. అల్నా ఒక్కటే విరిగి, మోచేయి దగ్గర రేడియస్ తల జారిపోయే దెబ్బను మోంటేజియా ఫ్రాక్చర్ అంటారు. ఇటలీ సర్జన్ మోంటేజియా దీన్ని 1814లో వర్ణించాడు, అంటే ఎక్స్‌రే కనిపెట్టడానికి 81 ఏళ్ల ముందు, చేత్తో తడిమి. ఇవాళ ఫిల్మ్ చేతిలో ఉండి కూడా దాన్ని చూడకుండా వదిలేయడం జరుగుతోంది. పట్టుకునే పద్ధతి చాలా తేలిక. రేడియస్ నడుమ గుండా పైకి స్కేలుతో గీత గీస్తే, ఏ ఫిల్మ్‌లోనైనా ఆ గీత భుజం ఎముక కింది కొసన ఉండే గుండ్రటి కాపిటెల్లమ్ మధ్యలోంచి పోవాలి. పోకపోతే తల జారినట్టే. పిల్లల్లో అల్నా విరగకుండా కొంచెం వంగినా ఇది జరగవచ్చు. మొదటి రోజుల్లో దొరికితే అల్నాను తిన్నగా చేయగానే తల చాలాసార్లు తనంతట తానే చోటికి చేరుతుంది. రెండు మూడు వారాలు దాటితే ఆపరేషన్ తప్పదు, ఫలితం కూడా అంత బాగుండదు. దీనికి తలకిందులైన దెబ్బ గలియాజీ. అందులో రేడియస్ కింది భాగంలో విరిగి, మణికట్టు దగ్గర అల్నా కీలు జారుతుంది.

"అల్నా ఒక్కటే విరిగింది" అని రిపోర్టు వస్తే మోచేయిని, "రేడియస్ ఒక్కటే" అని వస్తే మణికట్టును మళ్లీ చూడమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

పిల్లల ఎముక వేరు

పిల్లల ఎముక మీద పొర మందం, లోపల ఎముక మెత్తన. కొసను నొక్కేసిన రేకుడబ్బాలా ఎముక అంచు పక్కకు ఉబ్బితే అది బకిల్ ఫ్రాక్చర్. మణికట్టు పైన ఎక్కువగా వస్తుంది. ఇందులో ఎముక చోటు తప్పదు, వంగదు, దీనికి గట్టి పిండికట్టు కూడా అక్కర్లేదు. 2022లో బ్రిటన్‌లో 965 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో మెత్తటి బ్యాండేజీ, గట్టి స్ప్లింటు రెండింటితోనూ నొప్పి, కోలుకోవడం ఒకేలా ఉన్నాయి. మూడు వారాలు జాగ్రత్తగా ఉంటే చాలు.

పచ్చి వేపపుల్లను వంచితే ఒక వైపు చీలి, రెండో వైపు వంగి అలాగే ఉంటుంది. గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ సరిగ్గా అదే. ఇందులో వంకరతో పాటు మెలి కూడా ఉంటుంది. వంపు అరచేతి వైపు పొడుచుకొస్తే చేయిని బోర్లా తిప్పుతూ, చేతి వెనక వైపు వస్తే వెల్లకిలా తిప్పుతూ సరిచేయాలి. ఊరికే నొక్కితే కుదిరినట్టే కనిపించి, కట్టు లోపల మళ్లీ వంగుతుంది.

"పిల్లలు కదా, పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది" అన్న మాట సగం నిజం, మిగతా సగం తెలియక పిల్లలు నష్టపోతున్నారు. పొడవు పెరిగే చోటు మణికట్టు దగ్గరి మృదులాస్థి పలక. రేడియస్ పెరుగుదలలో ముప్పావు వంతు పైగా అక్కడినుంచే వస్తుంది. అందుకే మణికట్టు దగ్గరి వంపు, అదీ మణికట్టు వంగే దిశలోనే ఉంటే, చక్కగా సర్దుకుంటుంది. నడి ముంజేతిలో సర్దుబాటు తక్కువ, మోచేయి దగ్గర మరీ తక్కువ. మెలి మాత్రం ఏ వయసులోనూ సర్దుకోదు. నడి ఎముకల విషయంలో చాలామంది పాటించే హద్దు ఇది: 9 ఏళ్లలోపు 15 డిగ్రీల వంపు దాకా ఒప్పుకోవచ్చు, ఆపైన ఎముక పైభాగంలో 10 డిగ్రీలే. పెరుగుదల రెండేళ్లలోపే ముగియబోతున్న పిల్లలను పెద్దవాళ్లలాగే చూడాలి.

పెరుగుదల పలక మీదుగా విరిగితే ఇంకో నియమం ఉంది. మొదటి రోజుల్లో, మంచి మత్తులో, మెత్తగా ఒక్కసారి సరిచేయాలి. వారం, పది రోజులు దాటాక వంకర కనిపించినా మళ్లీ లాగకూడదు. అప్పటికి అతుక్కోవడం మొదలైన పలకను బలవంతంగా కదిపితే పెరుగుదలే ఆగిపోవచ్చు. నూనె రాసి తోమడం, మర్దన కూడా ఆ బలవంతం కిందికే వస్తాయి.

పిండికట్టు వేయడం తేలికైన పనిలా కనిపిస్తుంది. నిజానికి బాగోగులు సగం అక్కడే తేలతాయి. దూది పొరలు రెండు మూడు, మోచేయి ఎముకల మీద ఇంకో రెండు. పిండిపట్టీని మామూలు నీళ్లలోనే ముంచాలి. వేడినీళ్లలో ముంచితే తొందరగా బిగిసి, ఆ వేడికి చర్మం కాలుతుంది. ముంజేయి అడ్డకోత కోడిగుడ్డు ఆకారం, గొట్టం ఆకారం కాదు. అందుకని పిండి బిగిసేలోపు అరచేతుల మడమలతో ముందు నుంచీ వెనక నుంచీ నొక్కి, కట్టును చదును చేయాలి. అలా నొక్కితే రెండెముకల మధ్య ఎడం నిలుస్తుంది. కట్టు వేశాక తీసిన ఎక్స్‌రేలో, పక్కనుంచి చూసిన కట్టు లోపలి వెడల్పును ఎదురుగా చూసిన వెడల్పుతో భాగిస్తే 0.8 కంటే తక్కువ రావాలి. ఎక్కువ వచ్చిందంటే కట్టు బొంగులా గుండ్రంగా ఉంది, అందులో ఎముక జారే అవకాశం ఎక్కువ. విరిగిన చోట ఒక వైపు, దానికి పైనా కిందా రెండో వైపు అంటూ మూడు చోట్ల నొక్కిన కట్టు కొంచెం వంకరగా కనిపిస్తుంది, ఎముక తిన్నగా ఉంటుంది. నున్నగా, అందంగా ఉన్న కట్టు చూసి సంతోషపడకూడదు.

వాపు తగ్గగానే కట్టు వదులవుతుంది, ఎముక జారేది అప్పుడే. మొదటి మూడు వారాలు వారానికొకసారి ఎక్స్‌రే తీయించాలి. "నొప్పి లేదు కదా, ఇంకో ఫిల్మ్ ఎందుకు" అని మానేస్తే, ఆరో వారంలో కట్టు విప్పినప్పుడు వంకర బయటపడుతుంది. రెండో వారంలో దొరికితే మత్తు ఇచ్చి మళ్లీ సరిచేయవచ్చు, ఆరో వారంలో ఎముక కోయాల్సి వస్తుంది. మన ఎండలకు కట్టు లోపల చెమట పట్టి దురద వస్తుంది, పిల్లలు చీపురుపుల్లో పెన్నో దూరుస్తారు. లోపల విరిగిన పుల్ల ముక్క చర్మాన్ని పుండు చేస్తుంది. ఫ్యాన్ గాలి తగలనివ్వడం, కట్టు మీద తట్టడం మేలు.

కట్టులో నిలవని వంకరకు, పదేళ్లు దాటినవారికి సాగే గుణమున్న సన్నటి నెయిల్స్ వేస్తారు. జనం వాడుకలో ఇవి రాడ్లు. ఒక్కో ఎముకలో ఒక్కటి, పెరుగుదల పలకను తాకకుండా. సాధారణంగా 6 నెలలు దాటాక తీసేస్తారు. కట్టుతో నయమైనా, ఆపరేషన్‌తో నయమైనా, మొదటి 6 నెలల్లో అదే చోట మళ్లీ విరగడం పిల్లల్లో తెలిసిన సంగతి. సైకిలు, చెట్లు కొంతకాలం ఆగాలి.

పెద్దవాళ్లకు సర్దుబాటు లేదు

పెద్దవాళ్లలో రెండు ఎముకలూ విరిగి జరిగితే పిండికట్టుతో నయం చేయాలని చూడటం సరికాదు. పెరుగుదల లేదు కాబట్టి ఎంత వంపుతో అతికితే అంతే మిగులుతుంది. 3.5 మిల్లీమీటర్ల స్క్రూలు పట్టే ప్లేట్లు, విరిగిన చోటికి అటు మూడు, ఇటు మూడు స్క్రూలకు తగ్గకుండా, ఒక్కో ఎముకకు విడిగా వేస్తారు. కోతలు కూడా రెండు. ఒకే కోతలోంచి రెండు ఎముకలనూ చేరితే మధ్యలో ఎముక వంతెన పెరిగి, రెండూ అతుక్కుపోయి తిప్పుడు పూర్తిగా ఆగవచ్చు. రేడియస్ విల్లు వంపు తిరిగి రావాలి. తిన్నటి ప్లేటుకు ఎముకను బిగించి వంపు పోగొడితే ఎక్స్‌రే చక్కగా కనిపిస్తుంది, చేయి మాత్రం తిరగదు. 1975లో అచ్చయిన ఆండర్సన్ బృందం ఫలితాల్లో ప్లేట్లతో రేడియస్ 97.9 శాతం, అల్నా 96.3 శాతం అతికాయి. కర్రదెబ్బను చేయి అడ్డుపెట్టి ఆపినప్పుడు అల్నా ఒక్కటే విరిగి, సగం మందం కంటే తక్కువ జరిగి, వంపు 10 డిగ్రీలలోపు ఉంటే, కీళ్లు రెండూ బాగున్నాయని తేలాక బ్రేసుతో సరిపోతుంది. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లలో అతకడం ఆలస్యమవుతుంది. పొగ మానమని ఆపరేషన్‌కు ముందే గట్టిగా చెప్పాలి.

ప్లేట్లు ఇబ్బంది పెట్టకపోతే వదిలేయవచ్చు. తీయాలనుకుంటే ఏడాదిన్నర, రెండేళ్ల లోపు తీయకూడదు. తొందరపడితే ప్లేటు కింద బలం పుంజుకోని ఎముక స్క్రూ రంధ్రాల దగ్గర మళ్లీ విరుగుతుంది.

ముట్లుడిగిన ఆడవాళ్లలో మణికట్టు పైన రేడియస్ విరగడం ఇంకో లెక్క. ఐర్లండ్ సర్జన్ కోలిస్ దీన్ని వర్ణించింది కూడా 1814లోనే. ఆడేపాడే వయసువారిలో ఎముక 3 మిల్లీమీటర్లకు మించి కురచబడినా, వెనక్కి 10 డిగ్రీలకు మించి వాలినా, కీలు లోపల 2 మిల్లీమీటర్ల మెట్టు ఏర్పడినా ప్లేటు గురించి ఆలోచించాలి. 65 దాటి, బరువు పనులు లేనివారిలో కట్టుకీ ప్లేటుకీ ఏడాది చివర చేతి పనిలో తేడా పెద్దగా కనిపించడం లేదు. పెద్దావిడ మణికట్టు కొంచెం వంకరగా ఉన్నా ఆమె పనులు ఆమె చేసుకుంటుంది. ఆమెకు ఎక్కువ అవసరమైనది ఎముక సాంద్రత పరీక్ష. నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే విరిగిందంటే ఎముక గుల్లబారిందని అర్థం, తర్వాత వంతు తుంటిది కావచ్చు.

పడమటి ప్రకాశంలో ఒక స్థానిక సంగతి కలుస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో (తర్వాతి ప్రకాశం) కలిశాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వారి ముంజేయి ఎక్స్‌రేలో రెండెముకల మధ్య పొర సున్నం కట్టి, రంపపు పళ్లలా గరుకుగా కనిపిస్తుంది. అలాంటి చేయి దెబ్బ తగలకముందే పూర్తిగా తిరిగి ఉండదు. ఆపరేషన్ ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు రెండో చేయి ఎంత తిరుగుతుందో ముందే కొలిచి పెట్టుకోవాలి, లేకపోతే పాత బిగుతును కొత్త వైఫల్యం అనుకుంటారు.

కట్టు బిగిసినప్పుడు

ఈ జిల్లాల్లో చేయి విరిగిందనగానే ఇంట్లో వినిపించే మాట పుత్తూరు కట్టు. బద్దలకట్టు మీద నమ్మకం ఊరికే రాలేదు. ఎక్కువ జరగని ఎముక, ముఖ్యంగా పిల్లల ఎముక, ఏ కట్టులోనైనా అతుకుతుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఎక్స్‌రే లేకుండా మోంటేజియా కనిపించదు. రెండోది, మొదటి రెండు రోజుల వాపు మీద చుట్టూ బిగించిన కట్టు, అది వెదురు బద్దలదైనా ఆసుపత్రి పిండికట్టైనా, కండరాలకు రక్తం అందకుండా చేయగలదు. అందుకే వాపు ఎక్కువగా ఉంటే మొదట చుట్టూ కాకుండా ఒకవైపే పిండిపట్టీ (స్లాబ్) వేస్తారు, లేదా పూర్తి కట్టును పొడవునా చీల్చి ఉంచుతారు.

గుర్తు పట్టాల్సింది నొప్పిని. కట్టు పడ్డాక నొప్పి తగ్గాలి. పెరుగుతూ పోతే, వేళ్లను మెల్లగా చాపితే పిల్లాడు కెవ్వుమంటే, నొప్పిమాత్ర మాటిమాటికీ అడుగుతుంటే, నిద్రపోకుండా కుదురు లేకుండా ఉంటే అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అంటే లోపలి ఒత్తిడికి కండరాలకు రక్తం అందని స్థితి. నాడి అందుతోంది, వేళ్లు వెచ్చగా ఉన్నాయి అని ధైర్యపడకూడదు, అవి ఆగేది చివర్లోనే. చేయిని గుండె ఎత్తున ఉంచి, కట్టును దూదితో సహా చర్మం కనిపించేదాకా చీల్చాలి. పైన చీల్చి లోపలి బ్యాండేజీ వదిలేస్తే లాభం లేదు. అయినా తగ్గకపోతే కండరాల పొర కోసి ఒత్తిడి వదిలించే ఆపరేషన్ వెంటనే జరగాలి. 6 గంటలు దాటేకొద్దీ కండ చచ్చిపోతూ పోతుంది. ఆ తర్వాత మిగిలేది వేళ్లు ముడుచుకుపోయిన చేయి, జర్మన్ సర్జన్ ఫోక్‌మన్ 1881లో వర్ణించిన స్థితి. అర్ధరాత్రి అయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల వంటి ఆపరేషన్ సౌకర్యం ఉన్న చోటికి వెళ్లాలి. యంత్రంలో నలిగిన చేతికి ఎముక విరగకపోయినా ఇదే జాగ్రత్త.

కట్టు విప్పాక

వేళ్లు మొదటి రోజు నుంచే కదలాలి. కట్టు అరచేతి ముడత దాటి వేళ్ల మీదికి వస్తే వేళ్లు బిగుసుకుంటాయి. భుజం కూడా రోజూ పైకెత్తాలి, పెద్దవయసువారిలో వేలాడదీసిన భుజమే ముందు బిగుస్తుంది. ప్లేట్లు గట్టిగా పడితే రెండు మూడు రోజుల్లోనే మోచేయి, మణికట్టు కదిపించవచ్చు, బరువులు మాత్రం ఎక్స్‌రేలో అతుకు కనిపించాకే.

తిప్పుడు కొలవడం ఇంట్లోనే కుదురుతుంది. మోచేతులు రెండూ నడుముకు ఆనించి, 90 డిగ్రీలు వంచి, పిడికిళ్లలో చెరో పెన్సిలు నిలువుగా పట్టుకోవాలి. ముందు లోపలికి, తర్వాత బయటికి తిప్పి, రెండు పెన్సిళ్లు ఎంత వాలాయో పక్కపక్కన చూడాలి. భుజం కదిలి మోచేయి నడుమును వదిలితే ఆ కొలత లెక్కలోకి రాదు, చేయి తిరగని లోటును భుజం దాచేస్తుంది. వారానికొకసారి ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే మెరుగుదల కనిపిస్తుంది. మూడు నెలలు గడిచినా దెబ్బ తగిలిన వైపు పెన్సిలు రెండో దానిలో సగం కూడా వాలకపోతే, వ్యాయామం పెంచేముందు మోచేయి, మణికట్టు రెండూ పడేట్టు మళ్లీ ఎక్స్‌రే తీయించి, వంపు మిగిలిందా, మధ్యలో ఎముక వంతెన కట్టిందా, రేడియస్ తల చోటులోనే ఉందా అని చూడాలి.